లక్ష రూపాయల్లో ఎనిమిది మంది బ్యాండుకు మిక్సర్: బెంగళూరు నుంచి ఒక కేస్ స్టడీ

ఇది ఎనిమిది మంది బ్యాండు. అందరూ తెలుగువాళ్లే. మారతహళ్లి నుంచి వైట్‌ఫీల్డ్ దాకా తలో చోట ఉంటూ ఐటీ ఉద్యోగాలు చేసుకుంటున్నారు. శని, ఆదివారాల్లో ప్రాక్టీసు. ఉగాది, వినాయక చవితి, సంక్రాంతి వస్తే అపార్ట్‌మెంట్లలో, తెలుగు సంఘాల వేడుకల్లో ప్రోగ్రాములు. పాత సినిమా పాటలు, జానపదాలు, చివరి అరగంట కుర్రాళ్లు లేచి ఆడే పాటలు. ఇన్నాళ్లూ నిర్వాహకులు ఎవరిని పిలిస్తే వాళ్ల సౌండే. ఇక సొంత మిక్సర్ (మైకుల, వాద్యాల శబ్దాలను కలిపి స్పీకర్లకు పంపే బోర్డు) కొనాలనుకున్నాక నన్ను పిలిచారు. బడ్జెట్ లక్ష రూపాయలు. నేను బెంగళూరులో లైవ్ సౌండ్ చేస్తాను, బ్యాండ్లకు సామాను ఎంపికలో కూడా సాయం చేస్తుంటాను.

వాళ్ల ఇబ్బంది ఏమిటంటే, ప్రతి వేడుకకూ కొత్త బోర్డు, కొత్త ఆపరేటరు. ఎవరికి ఏం వినపడాలో ప్రతిసారీ మొదటి నుంచి చెప్పుకోవాలి. సౌండ్ చెక్‌కి చేతికొచ్చే టైమేమో తక్కువ. చివరికి సాగదీద్దామంటే అదీ కుదరదు. 2000 నాటి శబ్ద కాలుష్య నియంత్రణ నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బయట లౌడ్‌స్పీకర్ వాడకూడదు. పండుగలకు ప్రభుత్వం ప్రత్యేకంగా సడలించిన రోజుల్లో తప్ప పదింటికి ఆపాల్సిందే. ముందు పోయిన ప్రతి నిమిషమూ చివరి పాటల్లోంచే పోతుంది.

వాళ్లు నన్ను పిలిచేసరికే ఎలక్ట్రానిక్ సామాను దొరికే ఎస్పీ రోడ్డు తిరిగి వచ్చారు. ఒక పదహారు చానెళ్ల (ఒక్కో మైకుకో వాద్యానికో ఒక్కో దారి) అనలాగ్ మిక్సర్, అంటే అంతా గుండీలతో నడిచే పాత తరహా బోర్డు, నచ్చింది. "అన్నా, పదహారు చానెళ్లు మాకు సరిపోతాయా?" అని కీబోర్డు వాయించే అబ్బాయి అడిగాడు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పే ముందు నేను గాయనిని వేరే ప్రశ్న అడిగాను: స్టేజీ మీద మీకు ఏం వినపడదు? "నా గొంతే నాకు వినపడదండీ. గట్టిగా పాడి పాడి మూడో పాటకే గొంతు పట్టేస్తుంది." తబలా ఆయనకు ఫ్లూట్ వినపడదు. డ్రమ్మర్‌కు కీబోర్డు అందదు, లయ కోసం బేస్ వాయించే అతని చేతివేళ్లను చూస్తూ వాయిస్తాడట.

వీటిలో ఏదీ ఇన్‌పుట్ల సమస్య కాదు. అన్నీ అవుట్‌పుట్ల సమస్యలే. బ్యాండుకు మిక్సర్ కొనేటప్పుడు ముందు లెక్కపెట్టాల్సింది స్టేజీ మీదకు ఎన్ని వేర్వేరు మిక్సులు వెనక్కి పంపగలం అన్నది. పెట్టె మీద ముద్రించే అంకె ఆ సంగతి చెప్పదు. ఈ కేసులో నేను ఎంచుకున్నవీ, వద్దన్నవీ అన్నీ ఈ ఒక్క లెక్క మీదే నడిచాయి.

అవుట్‌పుట్లు, తర్వాత ఇన్‌పుట్లు

ఒక కాగితం మీద స్టేజీ గీసి, ఎవరు ఎక్కడ నిలబడతారో గుర్తులు పెట్టించాను. ముందు గాయకుడు, గాయని, ఇద్దరికీ చెరొక మానిటర్ స్పీకర్ (స్టేజీ మీదివాళ్లు వినడానికి వాళ్లవైపు తిప్పి పెట్టేది). ఎడమ పక్క చిన్న వేదిక మీద తబలా, ఫ్లూట్ కలిసి కూర్చుంటారు కాబట్టి వాళ్లకు ఒకటి. డ్రమ్మర్‌కు చెవుల్లో పెట్టుకునేది. కీబోర్డుకు ఒకటి. గిటార్, బేస్ కుడివైపు పక్కపక్కనే ఉంటారు, వాళ్లిద్దరికీ ఒకటి. మొత్తం ఆరు మిక్సులు, ప్రేక్షకులకు వెళ్లే మెయిన్ కాక. గాయకుడికీ గాయనికీ ఒకే మిక్స్ ఇస్తే ఒకటి తగ్గుతుంది కదా అని ఎవరో అన్నారు. నేను ఒప్పుకోలేదు. ఆయనకు తన గొంతు తక్కువగా, కీబోర్డు ఎక్కువగా కావాలి. ఆమెకు సరిగ్గా దానికి తలకిందులు.

ఇక ఇన్‌పుట్లు. డ్రమ్స్‌కు కిక్ (కాలితో కొట్టే పెద్ద డ్రమ్ము), స్నేర్, పైన ఒక ఓవర్‌హెడ్ మైకు. తబలాకు రెండు మైకులు, డోలక్ వాయించేటప్పుడూ అవే. బేస్‌కు డీఐ బాక్స్, అంటే వాద్యం సిగ్నల్‌ను మైకు ఇన్‌పుట్‌కు తగ్గట్టు మార్చే చిన్న పెట్టె. గిటారిస్టు ఒక్కడే అయినా ఎలక్ట్రిక్ ఆంప్ ముందు ఒక మైకు, అకౌస్టిక్‌కు మరో డీఐ. కీబోర్డు స్టీరియో, అంటే రెండు. ఫ్లూట్ ఒకటి. గొంతులు మూడు, బేస్ అతను కోరస్ పాడతాడు కాబట్టి. అక్కడికి పద్నాలుగు. యాంకర్ కార్డ్‌లెస్ మైకు పదిహేను. అప్పటికప్పుడు స్టేజీ ఎక్కే అతిథికో, అసోసియేషన్ ప్రెసిడెంటుకో పదహారోది. కొన్ని పాటలకు ల్యాప్‌టాప్ నుంచి ట్రాకు వేస్తారు, దానికి రెండు లైన్ ఇన్‌పుట్లు (మైకుకంటే బలమైన సిగ్నల్ కోసం ఉండేవి). మైకు ఇన్‌పుట్లు పదహారు, లైన్ రెండు, ఆక్స్ అవుట్లు (ఒక్కో మానిటర్ మిక్స్ బయటికి వెళ్లే దారులు) ఆరు. ఈ మూడు అంకెలు తేలాక మిగతా చర్చ సగానికి సగం తగ్గిపోయింది.

అనలాగ్ ఎందుకు పక్కన పెట్టాం

బజారులో వాళ్లకు నచ్చింది యమహా ఎంజీ16ఎక్స్‌యూ. మంచి బోర్డు. ప్రీఆంపులు (మైకు నుంచి వచ్చే సన్నని సిగ్నల్‌ను పెంచేవి) శుభ్రంగా ఉంటాయి, లోపలే ఎఫెక్టులు ఉన్నాయి, ఎవరు చూసినా ఏ గుండీ ఏం చేస్తుందో అర్థమవుతుంది. కానీ పేరులోని 16 అన్నది లైన్ ఇన్‌పుట్ల లెక్క. మైకు ప్రీఆంపులు 10 మాత్రమే. ఆక్స్‌లు నాలుగు, అందులో ఒకటి గొంతుల రివర్బ్‌కు (ప్రతిధ్వని ఎఫెక్టుకు) పోతుంది. మానిటర్లకు మిగిలేవి మూడు. పోనీ దాని పై మోడల్ ఎంజీ20ఎక్స్‌యూకి వెళ్దామా అంటే మైకు ఇన్‌పుట్లు 16 అవుతాయి, ఆక్స్‌లు మాత్రం మళ్లీ అవే నాలుగు. ఇన్‌పుట్లు పెరిగినంత మాత్రాన స్టేజీ మీద వినపడడం మెరుగుపడదని వాళ్లకు అర్థమైంది ఇక్కడే.

ఈ ధరలో అనలాగ్ బోర్డు తీసుకుంటే దాని చుట్టూ మరికొంత సామాను చేరుతుంది. మానిటర్ శబ్దం మళ్లీ మైకులో పడి కూత పెట్టకుండా ఆపాలంటే ప్రతి ఆక్స్‌కూ బయట గ్రాఫిక్ ఈక్వలైజర్ (మంద్రం నుంచి తారం దాకా ఒక్కో స్థాయినీ విడిగా పెంచి తగ్గించేది) కావాలి. బోర్డు ప్రేక్షకుల మధ్య ఉంటుంది కాబట్టి స్టేజీ నుంచి అక్కడిదాకా చాలా తీగలు కలిపిన లావుపాటి మల్టీకోర్ కేబుల్ కావాలి. దాన్ని పరచడానికి దారి, జనం తట్టుకోకుండా పైన టేపు, మోయడానికి ఒక మనిషి. ఇవన్నీ కలిపితే లక్ష దాటిపోతుంది.

నాలుగైదు మైకులతో గుళ్లో భజన చేసే బృందం అడిగితే ఇప్పటికీ నేను అనలాగే చెప్తాను. అక్కడ ఫేడర్ (చానెల్ శబ్దం పెంచి తగ్గించే జారుడు గుండీ) కళ్ల ముందు ఉండటమే ముఖ్యం. అవసరాన్ని బట్టి బోర్డు.

డిజిటల్‌లో మూడు దారులు

మొదటిది సెకండ్ హ్యాండ్ బెరింగర్ ఎక్స్32. 2012లో వచ్చిన బోర్డు ఇది. 32 ప్రీఆంపులు, 16 మిక్స్ బస్సులు (విడివిడి మిక్సులు తయారయ్యే దారులు), తమంతట తామే కదిలే మోటార్ ఫేడర్లు. అద్దెకు తిప్పే సౌండ్ వాళ్లు పెద్ద కన్సోళ్లకు మారినప్పుడు పాతవి బయటికొస్తాయి. సామర్థ్యంలో మిగతా వాటికంటే చాలా ముందుంటుంది. కానీ అద్దె బోర్డు షామియానాల కింద దుమ్ములో తిరిగి ఉంటుంది. కొనాలంటే ప్రతి ప్రీఆంపుకూ మైకు పెట్టి, ప్రతి చానెల్‌కూ ఫ్యాంటమ్ పవర్ (కేబుల్ గుండా మైకుకు పంపే కరెంటు) వేసి, ప్రతి ఫేడర్‌నీ కిందికీ పైకీ కదిపి, కనీసం ఒక గంట ఆన్‌లో ఉంచి చూడాలి. పైగా 20 కిలోల బరువు, ఫ్లైట్ కేసుతో ఇంకా ఎక్కువ. వీళ్లేమో కార్ల డిక్కీల్లో సామాను తీసుకెళ్లేవాళ్లు. ఏదైనా ఫేడర్ చెడిపోతే బాగుచేయించే తీరికా ఉద్యోగస్తులకు ఉండదు. వద్దన్నాను.

రెండోది సౌండ్‌క్రాఫ్ట్ యూఐ24ఆర్. ఇది నాకు బాగా ఇష్టమైన పెట్టె. 20 మైకు ప్రీఆంపులు, ఎనిమిది ఆక్స్ అవుట్లు, ప్రత్యేకంగా యాప్ అక్కర్లేకుండా మామూలు బ్రౌజర్‌లోనే తెరుచుకుంటుంది. పెన్‌డ్రైవ్ పెడితే చానెళ్లన్నీ విడివిడిగా రికార్డు అవుతాయి. వైఫైలో 5 గిగాహెర్ట్జ్ కూడా ఉంది. ఒకే ఒక్క అడ్డంకి, అది కొంటే లక్షలో ఇంకేమీ మిగలదు. వీళ్ల దగ్గర సరైన డీఐ బాక్సులు లేవు, నాణ్యమైన కేబుళ్లు లేవు, యూపీఎస్ లేదు.

మూడోది బెరింగర్ ఎక్స్ఆర్18. పదహారు మైకు ప్రీఆంపులు, 17-18గా రెండు లైన్ ఇన్‌పుట్లు, ఆరు ఆక్స్ అవుట్లు, మెయిన్. మన కాగితం మీది మూడు అంకెలతో సరిగ్గా సరిపోతుంది. ప్రతి ఆక్స్‌కూ లోపలే గ్రాఫిక్ ఈక్వలైజర్ ఉంది. ఫ్యాంటమ్ పవర్ చానెల్ వారీగా వేసుకోవచ్చు. మూడు కిలోల పైచిలుకు బరువు. స్టేజీ మీదే ఉంటుంది కాబట్టి మల్టీకోర్ అక్కర్లేదు. ఇదే కుటుంబంలో మిడాస్ ఎంఆర్18 కూడా ఉంది, ప్రీఆంపులు ఒక మెట్టు పైన. ఆ తేడా అపార్ట్‌మెంటు గ్రౌండులో వినపడదు. ఆ డబ్బు డీఐ బాక్సులకు పెడితే మాత్రం వినపడుతుంది.

బ్యాండుతో ముందే ఒక నియమం పెట్టుకున్నాం: బోర్డుకు డెబ్బై వేలు దాటకూడదు, ముప్పై వేలు చుట్టూ ఉండే సామానుకు. ఎక్స్ఆర్18 బిల్లుతో సహా ఆ గీత లోపలే వచ్చింది. బిల్లు లేకుండా కొంచెం తక్కువకు ఇస్తామన్నవాళ్లు ఉన్నారు. తీసుకోనివ్వలేదు. సీరియల్ నంబరుతో వారంటీ ఉంటేనే డిజిటల్ బోర్డు కొనాలి.

ఫేడర్లు లేవన్న భయం

ఈ పెట్టెకు ముందువైపు ఇన్‌పుట్ సాకెట్లు తప్ప గుండీలు దాదాపు ఉండవు. అంతా ట్యాబ్లెట్ మీదే. "ట్యాబ్ ఆగిపోతే పాట మధ్యలో సౌండు పోతుందా అన్నా?" అని డ్రమ్మర్ అడిగాడు. పోదు. ట్యాబ్ కేవలం రిమోటు. అది ఆగినా బోర్డు అప్పటిదాకా ఉన్న సెట్టింగులతోనే నడుస్తూ ఉంటుంది. మళ్లీ కనెక్ట్ అయ్యేదాకా ఏదీ మార్చలేం, అంతే.

నిజంగా జాగ్రత్తపడాల్సింది వైఫై విషయంలో. ఎక్స్ఆర్18 లోపలి వైఫై 2.4 గిగాహెర్ట్జ్‌లోనే పనిచేస్తుంది, ఒకేసారి నాలుగు పరికరాలకే చోటు. బెంగళూరు అపార్ట్‌మెంటులో ప్రతి ఫ్లాటుకూ ఒక రూటరు, గ్రౌండులో కూర్చున్న ప్రతి ఒక్కరి జేబులో ఒక ఫోను. ఖాళీ గ్రౌండులో సౌండ్ చెక్ అప్పుడు అంతా బాగానే ఉండి, జనం నిండాక తెగిపోయేది ఇందుకే. అందుకని లోపలి వైఫైని మొదటి రోజు నుంచే వాడలేదు. 5 గిగాహెర్ట్జ్ ఉన్న మామూలు ఇంటి రూటరు ఒకటి కొని, ల్యాన్ కేబుల్‌తో బోర్డుకు కలిపి, బోర్డు మీది స్విచ్చిని ఈథర్‌నెట్ వైపు తిప్పాం. రూటరును నేల మీద పెట్టకుండా మైకు స్టాండుకు కట్టి తల ఎత్తు పైన ఉంచాం. మనుషుల ఒళ్లు సిగ్నల్‌ను మింగేస్తుంది, ట్యాబ్‌కూ రూటరుకూ మధ్య తలలు అడ్డం రాకూడదు. స్టేజీ పక్కన ఒక ల్యాప్‌టాప్‌ను తీగతోనే రూటరుకు కలిపి ఉంచాం. గాలిలో ఏం జరిగినా ఆ తీగ ఉంటుంది.

మరి ట్యాబ్ ఎవరి చేతిలో ఉండాలి? కీబోర్డు అబ్బాయి తానే స్టేజీ మీద నుంచి చూసుకుంటానన్నాడు. స్టేజీ మీద ఉన్నవాడికి ప్రేక్షకులకు ఏం వినపడుతోందో తెలిసే వీల్లేదు. గాయని తమ్ముడికి మంచి చెవి ఉంది, ప్రతి ప్రాక్టీసుకూ వస్తాడు. అతనికి నేర్పాం. మిగతావాళ్లు తమ తమ ఫోన్లలో ఎక్స్ ఎయిర్ క్యూ యాప్ పెట్టుకుని ఎవరి మానిటర్ మిక్స్ వాళ్లే సర్దుకుంటారు. ఆ యాప్‌లో మెయిన్ మిక్స్ చేతికి రాదు, ఎవరి బస్సు వాళ్లే ఎంచుకుంటే ఒకరిది ఒకరు పాడుచేయరు. గాయని మొదటిసారి తన గొంతును తనే పెంచుకున్నప్పుడు పాట మధ్యలోనే ఆమె స్వరం దిగివచ్చింది. అరవడం ఆగిపోయింది.

సెట్టింగులలో కొన్ని

మానిటర్లకు వెళ్లే ప్రతి సెండ్‌నూ ప్రీ ఫేడర్‌లో పెట్టాం. లేకపోతే తమ్ముడు ప్రేక్షకుల కోసం గాయకుడి ఫేడర్ పెంచిన ప్రతిసారీ స్టేజీ మీద మానిటర్ కూడా పెరిగి కూత పెడుతుంది. గొంతు మైకులన్నిటికీ 110 హెర్ట్జ్ దగ్గర లో కట్, అంటే అంతకు కింది శబ్దాలను కోసేయడం. స్టేజీ అదురు, మైకు పట్టుకున్న చేతి చప్పుడు అక్కడితో పోతాయి. తబలా జతలో ఎడమదానికి మాత్రం ఆ గీత చాలా కిందికి ఉండాలి. దాని మంద్ర నాదంలోని బరువంతా అక్కడే ఉంటుంది, చానెళ్లన్నిటికీ ఒకే లో కట్ కాపీ చేస్తే అది ఊరికే టకటకలాడుతుంది.

తబలా గురించి ఇంకొంచెం చెప్పాలి. ప్రాక్టీసు గదిలో ఆ వైపు మానిటర్ పెంచగానే "ఊ..." అని ఒక నాదం మొదలై ఆగేది కాదు. మామూలుగా కూత అంటే 2, 3 కిలోహెర్ట్జ్ దగ్గర విజిల్‌లా వస్తుంది. ఇది చాలా కింద ఉంది. ఆర్‌టీఏ (ఏ స్థాయిలో ఎంత శబ్దం ఉందో స్తంభాలుగా చూపే తెర) తెరిచి చూస్తే 280 హెర్ట్జ్ దగ్గర ఒక్క స్తంభం లేచి నిలబడింది. ఆయన కుడి తబలాను సి షార్ప్‌కు శ్రుతి చేస్తారు, ఆ స్వరం 277 హెర్ట్జ్. మానిటర్ ఊపిరికి తబలా మూతే మోగుతోంది, ఆ మోత మైకులో పడి మళ్లీ మానిటర్‌లోకి వెళ్తోంది. ఈక్వలైజర్‌తో ఆ చోట కోసేస్తే కూత ఆగుతుంది, దాంతోపాటు తబలా నాదమూ చచ్చిపోతుంది. కోయలేదు. మానిటర్‌ను తబలాకు ఎదురుగా కాకుండా ఆయన చెవికి పక్కగా తిప్పాం. ఆ మిక్స్‌లోంచి తబలాను దాదాపు తీసేశాం, వాయించేవారికి తన తబలా ఎలాగూ నేరుగా వినపడుతుంది. ఫ్లూట్, గొంతులు మాత్రం పంపాం. "ఇప్పుడు పాట వినపడుతోంది బాబూ" అన్నారాయన.

గొంతు మానిటర్లకు మాత్రం గ్రాఫిక్ ఈక్వలైజర్ వాడాం. నెమ్మదిగా పెంచుతూ మొదట కూసిన చోట, అంటే 2.5 కిలోహెర్ట్జ్ దగ్గర, మూడు డెసిబెల్స్ తగ్గించాం. తర్వాత కూసిన మరో రెండు చోట్లా అంతే. అక్కడితో ఆపాలి. కూసిన ప్రతిచోటా కోస్తూ పోతే చివరికి మిగిలేది మూగ మానిటర్.

ఎర్త్, యూపీఎస్

ముప్పై వేలలో మొదటి ఖర్చు ఒక చిన్న యూపీఎస్. కరెంటు పోయి జనరేటర్ అందుకునే ఆ కొద్ది సెకన్లలో డిజిటల్ బోర్డు ఆగితే మళ్లీ లేవడానికి టైము పడుతుంది, రూటరుకు ఇంకా ఎక్కువ. బోర్డు, రూటరు రెండూ కలిపినా తక్కువ కరెంటే తాగుతాయి, కంప్యూటర్లకు వాడే మామూలు యూపీఎస్ చాలు. ఉగాది ప్రోగ్రాములో సరిగ్గా ఇదే జరిగింది. స్పీకర్లు ఆగాయి, లైట్లు పోయాయి, జనరేటర్ రాగానే అదే మిక్స్‌తో పల్లవి మళ్లీ ఎత్తుకున్నారు. ట్యాబ్ కనెక్షను తెగనే లేదు.

రెండోది అసలు బేరం ఆడకూడనిది: ఎర్త్. షామియానా వైరింగులో మూడు పిన్నుల ప్లగ్గుకు ఎర్త్ పిన్ను విరగ్గొట్టి పెట్టడం నేను చాలా చోట్ల చూశాను. "హమ్ పోతుందని తీసేశాం సార్" అంటారు. హమ్ (కరెంటు వల్ల స్పీకర్లలో వచ్చే గుయ్ మనే శబ్దం) పోతుంది, దానితో రక్షణ కూడా పోతుంది. గిటార్ తీగల మీద చెయ్యి ఉండి, పెదాలు మైకు జాలికి తగిలినప్పుడు ఆ రెండింటి మధ్య వోల్టేజీ తేడా ఉంటే ప్రాణం మీదకొస్తుంది. బ్యాండుకు ఒక ఎర్త్ టెస్టర్ ప్లగ్గు కొనిపించాను. స్టేజీ మీద ఏ సాకెట్ వాడినా ముందు అది పెట్టి చూస్తారు. బోర్డు, ఆంపులు, కీబోర్డు అన్నీ ఒకే చోటి నుంచి కరెంటు తీసుకుంటాయి. అయినా 50 హెర్ట్జ్ హమ్ వస్తే డీఐ బాక్సు మీది గ్రౌండ్ లిఫ్ట్ స్విచ్చి నొక్కాలి. అది సిగ్నల్ కేబుల్ గ్రౌండును మాత్రమే విడదీస్తుంది, కరెంటు ఎర్త్‌ను ముట్టుకోదు. ల్యాప్‌టాప్ చార్జర్ పెట్టగానే ట్రాకులో వచ్చే గురగుర కూడా ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న డీఐ పెట్టాక పోయింది.

మిగిలిన డబ్బు కేబుళ్లకు, డీఐలకు, బోర్డు బిగించే చిన్న ర్యాక్ కేసుకు సరిపోయింది.

ఇప్పుడు ఎక్కడున్నారు

ప్రోగ్రాములన్నిటికీ స్నాప్‌షాట్లు, అంటే ఆ రోజు బోర్డు సెట్టింగులన్నీ, దాచుకుంటున్నారు. ప్రాక్టీసులో యూఎస్‌బీ ద్వారా పద్దెనిమిది చానెళ్లూ ల్యాప్‌టాప్‌లోకి విడివిడిగా రికార్డు చేసి, అవే బోర్డులోకి తిప్పి పంపిస్తూ తమ్ముడు ఒక్కడే కూర్చుని మిక్స్ సాధన చేస్తున్నాడు. స్టేజీ ఖాళీగా ఉండగానే మెయిన్ స్పీకర్లలో మొన్నటి ప్రోగ్రాము వేసి, ఆ గ్రౌండుకు తగ్గట్టు ఈక్వలైజర్ సరిచేసుకుంటాడు. బ్యాండు వచ్చి నిలబడేసరికి పని మానిటర్లదే మిగులుతుంది. ఈ బోర్డు ఈ బ్యాండుకు చేసిన పెద్ద మేలు నా దృష్టిలో ఇదే.

పరిమితి ఎక్కడుందో కొనే ముందే వాళ్లకు రాసిచ్చాను. పదహారు మైకు ఇన్‌పుట్లూ నిండిపోయాయి. పెంచుకోవడానికి ఎక్స్32లో ఉన్నట్టు ఏఈఎస్50 పోర్టు దీనికి లేదు, అదనపు ఇన్‌పుట్లు ఇచ్చే స్టేజ్ బాక్సు కలపలేం. వయొలిన్ అతిథి వచ్చిన రోజు అకౌస్టిక్ గిటార్ చానెల్ ఇచ్చేయాలి. ఇప్పటికే మీ కాగితం మీద పద్దెనిమిది మైకులు ఉంటే ఎక్స్ఆర్18 కొనకండి, ఇంకొన్ని నెలలు ఆగి యూఐ24ఆర్‌కు డబ్బు కూడబెట్టుకోండి.

తాజాగా డ్రమ్మర్, కీబోర్డు అబ్బాయి ఇద్దరూ స్టీరియో ఇన్-ఇయర్ (చెవుల్లో పెట్టుకునే మానిటర్) కావాలంటున్నారు. ఒక్కొక్కరికి రెండేసి ఆక్స్‌లు పోతే మిగతా అందరికీ రెండే మిగులుతాయి. ఇద్దరూ ఒకే స్టీరియో మిక్స్ పంచుకుంటే గాయకుడికీ, గాయనికీ, తబలా వైపుకూ, గిటార్లకూ ఒక్కొక్కటి దక్కుతుంది, నాలుగు. ఆరుకు ఆరు సరిపోయాయి. వచ్చే ఆదివారం ప్రాక్టీసులో హెడ్‌ఫోన్ ఆంప్ ఒకటి తెచ్చి ఆ ఇద్దరికీ ఒకే మిక్స్ ఇచ్చి చూస్తాం.